గంటన్నరలో వెరాక్రూజ్

తొర్రెయోన్,
9 జనవరి 1997

ఒసేయ్ అంపారో,

ఈ ఉత్తరం విప్పే ముందు చేతికి అంటిన పిండి కడుక్కో. పోయినసారి నువ్వు రాసిన జవాబులో అక్షరాలకన్నా వెన్న మరకలే ఎక్కువున్నాయి. కడుక్కున్నావా? సరే, ఇప్పుడు కూర్చో.

మనం విమానం ఎక్కుతున్నాం.

లేవకు, కూర్చో! నేను ఇక్కణ్ణుంచి బస్సులో మోంతెర్రే వస్తాను. అక్కడ ఇద్దరం కలిసి ఎక్కితే గంటన్నరలో వెరాక్రూజ్. గంటన్నర అంటే ఎంతనుకున్నావు? మా ఫాదరు ఆదివారం ప్రసంగం మొదలెట్టి ముగించేంత సేపు. అందులో సగం సేపు మనం ఎలాగూ నిద్రే పోతాం. మూడు రాత్రులు అక్కడుండి, ఆదివారం తిరుగు విమానం.

టీచర్ ట్రైనింగ్ హాస్టల్లో మెట్ల మీద కూర్చుని సముద్రం చూసొద్దామని ఒట్టేసుకున్నప్పుడు మనకి పద్దెనిమిదేళ్ళు. తర్వాత నువ్వు ట్రైనింగ్ మానేసి మీ నాన్న బేకరీలో కూర్చున్నావు. నేను పెళ్ళీ, పిల్లాడూ, ముప్ఫయ్యేళ్ళ బడీ చూసుకున్నాను. మొగుడు పోయి కూడా పన్నెండేళ్ళయింది. మనిద్దరికీ అరవై రెండు నిండాయి. సముద్రం మాత్రం అక్కడే ఉందట, కనుక్కున్నాను.

ఏప్రిల్ పదిహేడు, గురువారం బయలుదేరాలి. శుక్రవారం మనం వెరాక్రూజ్ లో ఉండి తీరాలి. ఎందుకని అడక్కు. శుక్రవారాల్లో సముద్రం బాగుంటుందట.

ఫోన్ చెయ్యకు. మా రూబెన్ ఇంట్లో ఫోను టీవీ పక్కనే ఉంది. నేను హలో అన్నానంటే కోడలు గ్రసియేలా టీవీ సౌండు తగ్గించేస్తుంది.

నీ
ఒతీలియా


మోంతెర్రే,
20 జనవరి

పిచ్చిదానా,

నీకు మతి పోయింది. నేను రాను.

ఇది రాసి, కవరు అంటించి, పోస్టాఫీసు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, కవరు చింపి మళ్ళీ రాస్తున్నాను. వస్తాను.

కానీ నా బాధలు విను. నిన్న ట్రావెల్ ఏజెన్సీకి వెళ్ళాను. అక్కడి అమ్మాయి గోళ్ళు ఎంత పొడుగున్నాయంటే, ఆ చేత్తో పిండి కలిపితే సగం పిండి గోళ్ళలోనే ఉండిపోతుంది. "కిటికీ పక్క సీటు కావాలా, దారి పక్కదా?" అంది. "భూమి పక్కది లేదా తల్లీ?" అన్నాను. నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు.

బేకరీలో అందరికీ తెలిసిపోయింది, నేనే చెప్పాను. రోజూ తీపి బన్నులు, ఆరు కొంచాలు కొనుక్కెళ్ళే దోన్యా చోలే "విమానంలో చెవులు పగిలిపోతాయట" అంది. ఆవిడ ఎప్పుడూ ఎక్కలేదు, ఆవిడ అక్కయ్య తోటికోడలు ఎక్కిందట. అప్పటినుంచి రెండు చెవుల్లోనూ దూది పెట్టుకుని అలవాటు చేసుకుంటున్నాను. దాని పుణ్యమా అని ఇవాళ ఒకావిడ గుమ్మడికాయ కూరిన ఎంపనాదలు అడిగితే ఉత్త బొలీయో రొట్టెలు కట్టిచ్చాను.

శుక్రవారం సముద్రం బాగుంటుందని ఎవరన్నారే? మిగతా రోజుల్లో ఏం చేస్తుంది, ఉపవాసం ఉంటుందా?

నీ
అంపారో


తొర్రెయోన్,
6 ఫిబ్రవరి

అంపారో తల్లీ,

చెవుల్లోంచి దూది తీసెయ్, నేను చెప్పేవి వినాలి.

ఒకటి, స్విమ్మింగ్ డ్రెస్ కొనుక్కో. నేను కొన్నాను. నీలం రంగు, నడుం దగ్గర కుచ్చులున్నాయి. గది తలుపు గడియ పెట్టి వేసుకుని చూసుకున్నాను. అద్దంలో మా మేనత్త కనపడింది, భయపడి విప్పేశాను.

ఇంకొకటి, లేత మీగడ రంగులో మంచి గౌను కుట్టించుకో, నేనూ అదే రంగులో కుట్టించుకుంటున్నాను. సాయంత్రాలు అక్కడ నడివీధిలో బ్యాండు పెట్టి జంటలుగా దన్సోన్ నాట్యం ఆడతారట, అందరూ ముస్తాబై వస్తారట. మనం మాత్రం ఏప్రన్లతో పోతామా?

వచ్చేటప్పుడు నీ జనన ధ్రువపత్రం తెచ్చుకో, నకలు కాదు, అసలుది. విమానం వాళ్ళు అడుగుతారట.

అన్నట్టు, మీ అన్నయ్య సంగతులేమైనా తెలిశాయా? ఊరికే అడిగాను. మొన్న చర్చిలో ఆర్గన్ వాయిస్తుంటే గుర్తొచ్చాడు.

నీ
ఒతీలియా


మోంతెర్రే,
19 ఫిబ్రవరి

ఒసేయ్ ఒతీలియా,

స్విమ్మింగ్ డ్రెస్ కథ విను. షాపులో పిల్ల "మనవరాలికా అమ్మమ్మా?" అని అడిగింది. నాకు పెళ్ళే కాలేదు, మనవరాలెక్కణ్ణుంచి వస్తుంది? "నాకే" అన్నాను. ఆ పిల్ల నన్ను పైనుంచి కిందికి చూసి "ఏ సైజు?" అంది. "మా ఓవెన్ చూశావా? అదే సైజు" అన్నాను. నల్లది తెచ్చింది. నల్లరంగులో సన్నగా కనిపిస్తామంటుంది. "సన్నగా కనిపించాలని కాదమ్మా, చేపలకి దూరంనుంచే కనిపించాలి, పక్కకి తప్పుకుంటాయి" అని ఎర్రది కొన్నాను.

మీగడ రంగు గౌను దర్జీకిచ్చాను. కానీ ఆ జనన ధ్రువపత్రం మాటేమిటే? ఏజెన్సీ అమ్మాయిని అడిగితే "అక్కర్లేదు సెన్యోరా, ఓటరు కార్డు చాలు" అంది. నా పుట్టుకతో నీకేం పని? నా చేత ఏ కాగితం మీద సంతకం పెట్టిస్తావు? నిజం చెప్పు.

ఇక నాకు అన్నయ్య లేడు. చర్చి ఆర్గన్లు బాగుచేస్తూ ఊళ్ళు పట్టుకు తిరిగే ఫెర్మీన్ అనే మనిషి ఒకడున్నాడు. మా అమ్మ మట్టిలో కలిసిన మర్నాడు వచ్చాడు. వచ్చి, బస్సు ఆలస్యమైందన్నాడు. నేను గుమ్మంలోంచే పంపించేశాను. తొమ్మిదేళ్ళయింది. ఏ ఊళ్ళో ఉన్నాడో తెలీదు, తెలుసుకోను. నువ్వు ఇంకోసారి అడక్కు.

సముద్రం నీళ్ళు నిజంగా అంత ఉప్పగా ఉంటాయా? మా పిండిలో వేసేదానికన్నా ఎక్కువా?

నీ
అంపారో


తొర్రెయోన్,
3 మార్చి

అంపారో,

నిజం చెప్పమన్నావుగా, చెప్పేస్తున్నాను. అసలు విమానం గాల్లోకి లేచాక చెబుదామనుకున్నాను. అప్పుడైతే నువ్వు దిగిపోలేవు కదా.

నేను పెళ్ళి చేసుకుంటున్నాను.

ఏప్రిల్ పద్దెనిమిది, శుక్రవారం, పదకొండున్నరకి, వెరాక్రూజ్ రిజిస్ట్రార్ ఆఫీసులో. శనివారం వాళ్ళకి సెలవు. నా తరఫున సాక్షి సంతకం పెట్టాల్సింది నువ్వే. ధ్రువపత్రం అందుకే. గౌనూ అందుకే. సముద్రం శుక్రవారం ఎలా ఉంటుందో నాకు నిజంగానే తెలీదు.

నవ్వకు. కాదు, నవ్వు. నేను రోజూ నవ్వుతున్నాను. బీన్స్ ఏరుతూ నవ్వుతున్నాను. మొన్న రూబెన్ "అమ్మా, పళ్ళేమైనా నొప్పా?" అని అడిగాడు, మొహం అంత వంకరగా పెట్టుకుని నవ్వు ఆపుకుంటున్నానన్నమాట. వాడికింకా చెప్పలేదు. పెళ్ళయ్యాక ఉత్తరం రాస్తాను.

ఎవరని అడుగుతావు. మంచివాడు. చేతులు పనిచేసే చేతులు. మిగతాది వచ్చే ఉత్తరంలో.

నీ
ఒతీలియా


మోంతెర్రే,
12 మార్చి

దొంగమొహమా!

పెళ్ళి! దాన్ని స్విమ్మింగ్ డ్రెస్ కింద దాచిపెడతావా? ఉత్తరం చదివి నేను వేసిన కేకకి దోన్యా చోలే చేతిలో సంచీ వదిలేసింది. కొంచాలు ఆరూ నేలపాలు. ఏమైందని అడిగితే "నా స్నేహితురాలికి పెళ్ళి" అన్నాను. "ఎన్నేళ్ళమ్మాయి?" అంది. చెప్పాను. ఆవిడ అక్కడే శిలువ గుర్తు వేసుకుంది.

ఎవరే? మీ వీధి చివర మందుల షాపాయనా? ఆయన దగ్గితే సీసాలు ఊగుతాయన్నావు, ఆయన కాకూడదు. రిటైరైన హెడ్మాస్టరా? ఆయన పెళ్ళిలో కూడా హాజరు తీసుకుంటాడు. వెరాక్రూజ్ లో చేసుకుంటున్నావంటే నావికుడేమో! ఒతీలియా, నావికుణ్ణి పట్టావా? పచ్చబొట్టుందా? ఎక్కడుంది?

కేకు నాది. మూడంతస్తులు. విమానంలో నా ఒళ్ళో పెట్టుకుని తెస్తాను. వద్దంటే నువ్వూ వద్దు, నీ మొగుడూ వద్దు.

నీకో నిజం చెప్పనా? ఆ కేకలూ నవ్వులూ అయ్యాక, షాపు ఖాళీ అయ్యాక, పిండి బస్తా మీద కాసేపు ఊరికే కూర్చున్నాను. నలభై ఏళ్ళుగా నేను రాసే ఉత్తరాలు నీకొక్కదానికే. ఇకమీద నువ్వు వాటిని ఇంకొకళ్ళకి చదివి వినిపిస్తావు కదా అనుకున్నాను. అంతే. తర్వాత లేచి కేకుకి కొలతలు వేసుకున్నాను.

పేరు చెప్పు! పేరు!

నీ
అంపారో


తొర్రెయోన్,
21 మార్చి

నా అంపారో,

ఈ ఉత్తరం ఏడుసార్లు రాశాను.

రెండేళ్ళ కిందట మా చర్చి ఆర్గన్ గొట్టాల్లో ఎలుకలు గూళ్ళు పెట్టాయి. బాగుచెయ్యడానికి మనిషిని పిలిపించారు. ఆరు వారాలున్నాడు. ఆయన ఆర్గన్ లోపల దూరి పనిచేస్తుంటే, బయట కూర్చుని మెట్లు నొక్కడానికి ఒకరు కావాలి. కోరస్ లో పాడేవాళ్ళలో ఖాళీగా ఉన్నది నేనే. ఆరు వారాలు నేను ఒక్కో మెట్టే నొక్కుతూ కూర్చున్నాను. లోపల్నుంచి ఆయన "ఇంకోసారి" అనేవాడు. మళ్ళీ నొక్కేదాన్ని. "ఇంకోసారి." అంతకుమించి మేం మాట్లాడుకున్నది లేదు. పని పూర్తయ్యాక ఆయన బయటికొచ్చి, చెమట తుడుచుకుని, ఆర్గన్ బాగైపోయిందని చాలా దిగులుగా చెప్పాడు.

వెళ్ళిన వారానికే ఉత్తరం రాశాడు, అప్పటినుంచీ ఉత్తరాల్లోనే మాట్లాడుకున్నాం. ఆయన ఇప్పుడు వెరాక్రూజ్ లో స్థిరపడ్డాడు. చిన్న వర్క్ షాపు ఉంది.

నీకు అర్థమైపోయి ఉంటుంది. ఫెర్మీన్. మీ అన్నయ్య.

మొదటిరోజే చెప్పాల్సింది. వాడి పేరు నా ముందు ఎత్తొద్దని నువ్వన్నావు, ఆ మాట చాటున దాక్కున్నాను. నువ్వెక్కడ దూరమైపోతావోనని రెండేళ్ళు నోరు మూసుకున్నాను. తప్పే.

నీ
ఒతీలియా


మోంతెర్రే,
28 మార్చి

శ్రీమతి ఒతీలియా గారికి,

మీ ఉత్తరం అందింది. నా విమానం టిక్కెట్టు రద్దు చేయించుకోగలరు. ఈస్టరు రద్దీ వల్ల మా బేకరీలో కేకు ఆర్డర్లు తీసుకోవడం లేదు.

ఇట్లు,
అంపారో గార్సా,
గార్సా బేకరీ


తొర్రెయోన్,
2 ఏప్రిల్

అంపారో,

"గారికి" అట. నలభై నాలుగేళ్ళ తర్వాత నేను నీకు గారినయ్యాను. ఆ మాట దగ్గరే నాకు కన్నీళ్ళొచ్చాయి, మిగతాది తర్వాత చదివాను.

తిట్టు, పడతాను. కానీ ఒక సంగతి నీకు తెలియాలి. చెప్పమని ఆయన అడగలేదు. చెబితే బాగుండదని కూడా అన్నాడు.

ఆయన బస్సు ఆలస్యం కాలేదు. మీ అమ్మ అంత్యక్రియల రోజు పొద్దున ఏడింటికే మోంతెర్రే బస్టాండులో దిగాడు. మీ ఇల్లు అక్కణ్ణుంచి పదిహేను నిమిషాల నడక. బెంచీ మీద కూర్చున్నాడట. లేచి రెండు వీధులు నడిచి, వెనక్కొచ్చి మళ్ళీ కూర్చున్నాడట. పదకొండింటికి చర్చి గంటలు కూడా విన్నాడట. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాడు. పెట్టెలో అమ్మని చూడ్డానికి భయం వేసిందని చెప్పాడు. ఆరడుగుల మనిషి, అరవయ్యారేళ్ళొచ్చాయి, ఇప్పటికీ ఈ మాట తలెత్తి చెప్పలేడు. మర్నాడు నీ గుమ్మంలో నిలబడ్డప్పుడు భయం వేసిందనడానికి సిగ్గేసి, నెపం బస్సు మీదకి తోసేశాడు.

ఆయన చేసింది మంచి పని అనను. నేనూ నీ దగ్గర అలాగే దాక్కున్నాను కదా, నాకేం అర్హత ఉంది?

టిక్కెట్టు రద్దు చెయ్యలేదు.

ఒతీలియా


మోంతెర్రే,
8 ఏప్రిల్

ఒతీలియా గారికి,

బస్సు ఆలస్యం కాలేదని నాకు ఆరోజే తెలుసు. నేను బస్టాండుకి ఫోన్ చేసి కనుక్కున్నాను. ఏ బస్సులో వచ్చినా, రాకపోయినా, తలుపు తీసేదాన్ని. అబద్ధం విని మూసేశాను. ఈ మాట మీరు ఆయనకి చెప్పినా చెప్పకపోయినా నాకు ఒకటే.

ఇంకో మాట. మీరు మీ అబ్బాయికి పెళ్ళయ్యాక ఉత్తరం రాస్తానన్నారు. అంటే మీరు కూడా బస్టాండులో కూర్చుంటారన్నమాట. మీకు కాబోయే ఆయనకి మీరు భలే జోడీ. అలా పారిపోయి చేసుకునే పెళ్ళికి నేను సంతకం పెట్టను. కన్నకొడుకు ఎదురుగా నిలబడి చెప్పండి. చెప్పాక ఏం జరిగిందో నాకు రాయండి. రాయకపోయినా ఫర్వాలేదు. రాయండి.

మీకు రక్తపోటు ఉంది. అంత కోపిష్ఠి కొడుకుతో మాట్లాడే ముందు మాత్ర వేసుకోండి.

ఇట్లు,
అంపారో గార్సా


తొర్రెయోన్,
12 ఏప్రిల్

అంపారో గారికి (మీరు మొదలెట్టారు కాబట్టి),

మాత్ర వేసుకున్నాను. చెప్పాను.

నిన్న మధ్యాహ్నం, భోజనాల దగ్గర. "రూబెన్, నేను వచ్చే శుక్రవారం పెళ్ళి చేసుకుంటున్నాను" అన్నాను. వాడు చెంచా కింద పెట్టేశాడు. "ఎవరు చేసుకుంటున్నారు?" అన్నాడు. "నేను." "ఎవర్ని?" చెప్పాను. "ఆర్గన్ వాడా? ఎలుకల మనిషా?" అన్నాడు. లేచి పెరట్లోకి వెళ్ళాడు. వెనక్కొచ్చాడు. "నాన్న ఫోటో ఏం చేస్తావు?" అని అడిగాడు. "నాతో తీసుకెళ్తాను. ఫెర్మీన్ దానికి కొత్త ఫ్రేము కూడా చేసి ఉంచాడు" అన్నాను. మళ్ళీ పెరట్లోకి వెళ్ళాడు. మూడోసారి వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అక్కడ నీ మాత్రలు ఎవరు గుర్తుచేస్తారు?" అన్నాడు. అప్పుడు నాకు తెలిసింది, వాడికి కోపం కాదు, బెంగ.

ఇంతసేపూ గ్రసియేలా పళ్ళాలు తీస్తూనే ఉంది. చివరికి "అత్తయ్యా, ఆ మీగడ రంగు గౌను ఇస్త్రీ చేసి నా బీరువాలో పెట్టాను, మీ దాంట్లో నలిగిపోతోంది" అంది. జనవరి నుంచీ దానికి అన్నీ తెలుసట! టీవీ సౌండు తగ్గించక్కర్లేదు, నేను గదిలో ఒక్కదాన్నే నవ్వుకోవడం గోడవతలికి వినపడేదట.

గురువారం పొద్దున పదింటికి మోంతెర్రే ఎయిర్‌పోర్టులో ఉంటాను. నీ టిక్కెట్టు నా పర్సులో ఉంటుంది. పన్నెండు గంటల ఐదు నిమిషాల దాకా తలుపు వైపే చూస్తుంటాను. ఆ తర్వాత ఒక్కదాన్నే ఎక్కుతాను. నువ్వు రాకపోయినా నేను పెళ్ళి చేసుకుంటాను. కానీ నువ్వు వస్తే బాగుంటుంది.

నీ
ఒతీలియా


వెరాక్రూజ్,
5 మే

అంపారో,

ఇల్లు సర్దుకునేసరికి ఇన్నాళ్ళయింది. వర్క్ షాపు పైన రెండు గదులు. పైకి గాలి బాగా వస్తుంది. కింద ఎవడో ఒకడు పియానో కిర్రు కిర్రుమనిపిస్తూనే ఉంటాడు. మీ అన్నయ్య "ఇంకోసారి" అంటుంటాడు. నేను వంటింట్లో నవ్వుకుంటాను. ఇక్కడ దాచుకోవక్కర్లేదు.

నా కుడిచేతి వేళ్ళు ఇప్పటికీ సరిగ్గా ముడవడం లేదు. విమానం లేచేటప్పుడు నువ్వు నలిపినవే. పన్నెండింటికి ఒక్క నిమిషం తక్కువగా, ఒగర్చుకుంటూ, కేకు పెట్టె గుండెలకి హత్తుకుని తలుపులోంచి వచ్చావు చూడు, ఆ రూపం నేను చచ్చేదాకా మర్చిపోను. ఒక్క మాట మాట్లాడలేదు నాతో. పెట్టె సామాన్లలో వెయ్యమన్న ఉద్యోగిని మాత్రం "బాబూ, నిన్ను సామాన్లలో వేస్తే ఊరుకుంటావా?" అని అడిగావు. సీట్లో కూర్చుని "ఈ బెల్టు నాకా, కేకుకా?" అన్నావు. నా వైపు చూడకుండా ఎయిర్ హోస్టెస్ ని అడిగావు. ఆ తర్వాత ఇంజను రొద మొదలైంది. నువ్వు నా చెయ్యి పట్టుకుని "ఒసేయ్ ఒతీలియా, చచ్చిపోతున్నామే!" అని అరిచావు. ముందు సీటాయన టోపీ కిందపడిపోయింది. నేను మాత్రం దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను, 'గారు' పోయి 'ఒసేయ్' వచ్చిందని.

కేకు రెండో అంతస్తు కాస్త ఒరిగింది. ఇక్కడివాళ్ళు అది అలాగే కట్టే పద్ధతనుకుని మెచ్చుకున్నారు.

సముద్రంలో నీ ఎర్ర డ్రెస్ చూసి పడవవాడు వల వెనక్కి లాక్కున్నాడని ఫెర్మీన్ ఊరంతా చెబుతున్నాడు. నేను కాదనలేదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. శుక్రవారం పొద్దున నన్ను జడ వేయించుకోవడానికి పంపించి, మీరిద్దరూ గంటసేపు ఎక్కడికో వెళ్ళారు. వెళ్ళేటప్పుడు ఇద్దరి మధ్యా ఓ బండి పట్టేంత దూరం. వచ్చేటప్పుడు నువ్వు ఆయన టై ముడి సరిచేస్తూ "గాడిదలా పెరిగావు, ఇది కట్టుకోవడం రాదా?" అంటున్నావు. ఆయనని ఇప్పటికి మూడుసార్లు అడిగాను. "అది అంపారో చెప్పాలి" అంటాడు. నువ్వు చెప్పకపోతే నాకు ముద్ద దిగదు.

నీ
ఒతీలియా


మోంతెర్రే,
14 మే

వదినా,

ఇలా రాయాలని ఎయిర్‌పోర్టులో దిగిన దగ్గర్నుంచీ నోరూరుతోంది. ఇంకోసారి రాస్తాను. వదినా. బాగుంది. పిలుపుకి అలవాటు పడు.

నువ్వు అడిగినదానికి జవాబు ఎదురుగా చెప్పలేను, అందుకే అక్కడున్న మూడు రోజులూ దాటేశాను. ఉత్తరమైతే నయం.

ఓడరేవు ఎదుట కాఫీ కొట్లో కూర్చున్నాం. అన్నయ్య చెంచాతో గాజుగ్లాసు మీద టింగుమని కొట్టాడు, అక్కడ పాలకి అలాగే పిలవాలట. సర్వరు వచ్చి ఎత్తునుంచి పాలు పోసి వెళ్ళాడు. ఆ పాలు పోస్తున్నంతసేపూ ఇద్దరం ఆ ధారనే చూశాం, మళ్ళీ మొహాలు చూసుకోవాల్సొస్తుందని. చివరికి అన్నయ్యే "అమ్మ ఆఖర్లో ఏమైనా తిందా?" అని అడిగాడు. బస్సు మాట ఎత్తలేదు, క్షమించమనీ అనలేదు. తిందా అని అడిగాడు.

అప్పుడు మొదలెట్టాను. ఆ రోజు అమ్మ ఏ దుప్పటి కప్పుకుందో, కిటికీ ఎటు తెరిపించుకుందో, ఫాదరు ప్రార్థన తప్పు చదివితే ఎలా కసిరిందో, అన్నీ చెప్పాను. కసిరిన మాట దగ్గర ఇద్దరం పగలబడి నవ్వాం. పక్క బల్ల వాళ్ళు తిరిగి చూశారు. ఆ తర్వాత, తొమ్మిదేళ్ళుగా ఎవరికీ, నీక్కూడా చెప్పని ముక్క ఒకటి చెప్పాను. ఆ పొద్దున అమ్మ కాఫీలో ముంచుకుని ఓ కొంచా ముక్క తింది. తిని, "పంచదార తక్కువైంది, ఎవరు చేశారిది?" అంది. నేనే అన్నాను. "ఫెర్మీన్ చేస్తే సరిగ్గా చేసేవాడు" అంది. అదే అమ్మ నాతో అన్న ఆఖరి మాట, వదినా. ముప్ఫై అయిదేళ్ళు ఆవిడ పక్కన ఉన్నది నేను. పదిహేడేళ్ళకే ఓవెన్ వదిలి పారిపోయినవాడి కొంచా ఆవిడకి గుర్తుంది. ఆ తర్వాత తలుపు తీస్తే వాడు నిలబడి ఉన్నాడు, అబద్ధం చెబుతున్నాడు. నేను తలుపు వేసింది ఒక్క అబద్ధానికే అనుకున్నావా?

ఆ మాటకి అన్నయ్య సంతోషిస్తాడేమోనని కోపంగా చూశాను. వాడు సంతోషించలేదు. "ఆవిడ పోతున్నప్పుడు గదిలో నువ్వొక్కదానివే ఉన్నావు కదా అంపారో? నీకు భయం వెయ్యలేదా?" అని అడిగాడు.

ఎవరూ అడగలేదు వదినా. దహనమా ఖననమా, పువ్వులెన్ని, కాఫీ ఎంతమందికి, అన్నీ అడిగారు. నాకు భయం వేసిందా అని ఈ తొమ్మిదేళ్ళలో ఒక్కరూ అడగలేదు. బస్టాండులో భయపడి కూర్చున్నవాడికే ఆ ప్రశ్న తోచింది.

"వేసింది అన్నయ్యా, చాలా భయం వేసింది" అన్నాను. అలా పిలిచానని నాకు తెలియనే లేదు. వాడికి తెలిసింది. కాఫీ అలాగే వదిలేసి, ఆ పెద్ద చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. నేను కూడా. సర్వరు వచ్చి, అడక్కుండానే ఇద్దరికీ ఇంకాసిని పాలు పోసి వెళ్ళాడు.

ఇదీ జరిగింది. ఇక అడక్కండి ఇద్దరూ.

రూబెన్ మొన్న ఆదివారం ఇటు పనిమీద వచ్చి బేకరీకి వచ్చాడు. మాటల్లో మాటగా, వెరాక్రూజ్ విమానం ఎన్నింటికని అడిగాడు. జూలైలో గ్రసియేలాని తీసుకుని వస్తాడనుకుంటా. నీకు చెప్పొద్దన్నాడు, చెప్పేశాను, ఏం చేసుకుంటాడో చేసుకోనీ.

నేను ఆగస్టులో వారం రోజులు వస్తున్నాను. టిక్కెట్టు తీసేసుకున్నాను, మిమ్మల్ని అడగలేదు. వచ్చాక నీ వంటకి వంక పెడతాను. ఇల్లు ఊడ్చిన తీరుకి వంక పెడతాను. మా అన్నయ్య చిక్కిపోయాడని పొద్దున్నే పదిమందిలో అంటాను. నువ్వు మూతి తిప్పుకుని లోపలికి పోయి, వాడికి నా మీద చాడీలు చెప్పాలి. నలభై నాలుగేళ్ళు స్నేహితురాలివని ఊరుకున్నానే, ఇక ఊరుకునేది లేదు.

నీ ఆడపడుచు,
అంపారో